ఖాళీ గది నిశ్శబ్దం

4వ తేదీ, సోమవారం

డాక్టరమ్మ నా నోరు మూసేసింది. ప్రభువే మూయించాడని రాయాలేమో. ఇంకా తేల్చుకోలేదు.

గొంతులో లేచిన కాయను కోసి తీసేశాక ఆమె పెట్టిన ఆజ్ఞ ఇది: మళ్లీ పరీక్ష చేసి సరే అనేదాకా ఒక్క మాట పలకకూడదు. గుసగుస అసలే కూడదు, అరుపు కంటే అదే చేటు. కూనిరాగం కూడదు. దగ్గొచ్చినా వీలైతే మింగాలి. పాత గొంతు మళ్లీ వస్తుందా అని నా భార్య అడిగింది. రావచ్చు, రాకపోవచ్చు, సగం రావచ్చు అంది డాక్టరమ్మ, బజారులో కూరగాయల సంగతి చెప్పినంత తేలిగ్గా. సగం ఇటుకతో గోడ మూల సరిచేసుకోవచ్చు. తాపీమేస్త్రీని, నాకు తెలుసు. కానీ ఆదివారాలు సంఘంలో వాక్యం చెప్పేవాణ్ణి కూడా. సగం గొంతుతో నరకాగ్నిని ఎవడు వర్ణించగలడు?

ఆసుపత్రికి దగ్గరని కూతురింట్లో దిగాం. కూతురు పలకా బలపం కొని తెచ్చింది. చిన్నప్పుడు నేను బడి మెట్టు ఎక్కలేదు. గోడలు కడుతూ, మధ్యాహ్నం విరామంలో పరిశుద్ధ గ్రంథం ముందు పెట్టుకుని ఒక్కో అక్షరాన్నీ పట్టుకుని లొంగదీసినవాణ్ణి. పలక పట్టడం ఇదే మొదలు.

గ్రంథంలో, దేవాలయంలో దూత మాట నమ్మక మూగవాడైన ముసలి యాజకుడు కూడా పలకే అడిగాడు. అది రాసి నా భార్యకు చూపించాను. ఆమె చదివి, "ఆ నెలలన్నీ ఆయన భార్య ఎంత హాయిగా ఉందో కూడా రాశారా అందులో?" అంది. కూతురు పకపకా నవ్వింది. నేను జవాబు రాసేలోగా ఇద్దరూ వంటింట్లోకి వెళ్లిపోయారు. పలకతో ఉన్న చిక్కు ఇదే. చేతికి మాట అందేసరికి కోపం చల్లారిపోతుంది.

అందుకే ఈ డైరీ. ఇక్కడ ఎవరూ లేచి వెళ్లిపోరు.

5వ తేదీ, మంగళవారం

అల్లుడు ఏడుపు అమ్ముతాడు. ఇంతకంటే మర్యాదగా ఆ ఉద్యోగాన్ని చెప్పడం నాకు రాదు.

ఇంటి వెనక గదిలో కూర్చుని సంగీతం చేస్తాడు. మాటలుండవు. పాడేవాడు ఉండడు. సినిమాలో తల్లి రైలెక్కితే వెనక వినిపించేది, ప్రకటనలో ముసలాయన పాత ఫోటో తుడుచుకుంటుంటే వినిపించేది, నిద్రపట్టని వాళ్లు ఫోనులో పెట్టుకునేది, అంతా అటువంటి సరుకు. మాటలేని సంగీతం తలుపులేని ఇల్లు అని నేను వేదిక మీదే చెప్పాను. ఎవడైనా దూరవచ్చు, సాతానుతో సహా. అల్లుడు మంచివాడు. పళ్లెం తనే కడుక్కుంటాడు. కానీ మంచితనం వేరు, ఉద్యోగం వేరు.

పొద్దుటి నుంచి ఆ గది తలుపు తీసే ఉంది, లోపల ఒకటే ముక్క. మెట్లు దిగుతున్నట్టు నాలుగు స్వరాలు. ఐదోది వస్తుందని చెవి రిక్కిస్తే రాదు. మళ్లీ మొదటికి పోయి నాలుగు మెట్లు దిగుతుంది. మళ్లీ ఆగుతుంది.

భోజనం దగ్గరా అదే ధ్యాస. ఐదోది ఎందుకు రాదు?

6వ తేదీ, బుధవారం

శత్రువు కోటను చూడకుండా ఎవడూ యుద్ధానికి పోడు. ఆ ఉద్దేశంతోనే వెనక గదికి వెళ్లాను.

తలుపు నాలుగంగుళాల మందం. గోడల నిండా బూడిదరంగు దూది పలకలు. అలవాటు కొద్దీ వేలి కణుపుతో గోడ తట్టి చూశాను. ఎక్కడ పూత లోపల బోలుగా ఉందో మేస్త్రీకి చప్పుడు చెబుతుంది. ఇక్కడ గోడ ఏమీ చెప్పలేదు. చప్పుడును మింగేసింది. ఒక గోడ నాకు జవాబివ్వకపోవడం ఇదే మొదటిసారి.

పలక మీద రాశాను: ఐదోది ఏదీ?

అల్లుడికి క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం వెలిగింది. మామగారు తన పని గురించి అడగడం వాడికీ ఇదే మొదటిసారి. "అది నేను వెయ్యను మామయ్యా. వినేవాళ్లే లోపల వేసుకుంటారు. నేను వేస్తే అది నా బాధ అయిపోతుంది," అన్నాడు.

మరి కంప్యూటరు డబ్బా నిండా ఇన్ని ఏడుపులున్నాయి, ఏది ఎవరికని ఎలా తెలుస్తుందని అడిగాను. ఒక్కోదానికీ ఒక పేరు పెట్టుకుంటాడట. వాన వెలిసింది. ఖాళీ కుర్చీ. ఆఖరి బస్సు. కొనేవాళ్లు వచ్చి, దుఃఖంగా ఉండాలి గానీ మరీ దుఃఖంగా వద్దు, చివర్లో కాస్త ఆశ ఉండాలి, త్వరగా అయిపోవాలి అంటారట. నాకు లోలోపల నవ్వొచ్చింది. మా సంఘ పెద్దలు పశ్చాత్తాపం మీద ప్రసంగం అడిగేదీ ఇలాగే.

ఇంకో వింత చెప్పాడు. ఖాళీ గదిని రికార్డు చేస్తాడట. ఎవరూ లేకుండా, ఏమీ మోగకుండా, యంత్రం పెట్టేసి తలుపు మూసి బయటికి పోతాడట. "ఖాళీ గదికీ ఒక చప్పుడుంటుంది మామయ్యా. ఏ గది ఖాళీతనం ఆ గదిదే. దాన్ని పట్టి సంగీతం కింద పరుస్తాను. లేకపోతే స్వరాలు గాల్లో వేలాడినట్టుంటాయి."

నిశ్శబ్దాన్ని పట్టి దాచుకునే ఉద్యోగం. వెర్రి అనుకున్నాను. తర్వాత తోచింది, గోడకు తుది పూత వెయ్యకముందు గరుకు పూత వేస్తాం. కంటికి కనిపించదు. అది లేకపోతే పైది నిలవదు.

రేపు మళ్లీ పోను.

8వ తేదీ, శుక్రవారం

నిన్నా పోయాను, ఇవాళా పోయాను.

కానీ రాయవలసింది వేరే. గ్రంథంలో ఒక రాజును దురాత్మ పట్టి పీడించేది. గొర్రెలు కాసే కుర్రవాణ్ణి పిలిపిస్తే అతను సితారా వాయించేవాడు, రాజుకు నెమ్మది కలిగేది. ఈ భాగం మీద నేను ఎన్నిసార్లు బల్ల గుద్దానో లెక్కలేదు. ఆ కుర్రవాడు దేవుని స్తుతులు ఎలుగెత్తి పాడాడు, ఆ మాటలకు తాళలేక దురాత్మ పారిపోయింది అని చెప్పేవాణ్ణి.

ఇవాళ అల్లుణ్ణి ఖండించడానికని ఆ అధ్యాయం తెరిచాను. అక్కడ పాట లేదు. వెనకా ముందూ తిప్పాను. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను. చెయ్యి ఉంది, తీగలున్నాయి, నెమ్మది ఉంది. నోరు లేదు. మాట ఒక్కటీ లేదు. ఇన్నేళ్లూ ఆ కుర్రవాడి నోట్లో మాటలు పెట్టింది నేనా?

ఇది అల్లుడికి చూపించలేదు. నెగ్గిన మొహం పెడతాడని కాదు. పెట్టడని.

కానీ ఏం వాయించి ఉంటాడు? ఏ రాగం? నాలుగు మెట్లు దిగి ఆగేదా?

9వ తేదీ, శనివారం

అల్లుడిప్పుడు కుస్తీ పడుతున్నది ఒక సినిమాతో. బొమ్మ చూపించాడు. సినిమా చూడనని ఒట్టుపెట్టుకున్నవాణ్ణి. ఇది సినిమా కాదు, ముక్క. ముక్కకు ఒట్టు తగలదు.

ఒక నడివయసు మనిషి. తమ్ముడితో మాటలు తెగిపోయి చాలా కాలమైంది. తమ్ముడి ఇంటి తలుపు ముందుకు వచ్చి నిలబడతాడు. తలుపు కొట్టడు. నోరు తెరుస్తాడు, ఏదో చెప్పబోతాడు. చెప్పడు. వెనుదిరుగుతాడు. అంతే.

డైరెక్టరు ఇప్పటికి అల్లుడు పంపినవన్నీ తిప్పికొట్టాడు. కారణం కూడా వింతగానే ఉంది. సినిమా కూర్చేటప్పుడు ఖాళీగా ఉండకూడదని వేరే ఎవరిదో సంగీతం తాత్కాలికంగా పెడతారట, పెళ్లికి అద్దె నగ పెట్టినట్టు. నెలల తరబడి దాన్నే వింటూ డైరెక్టరు దాని మీద మనసు పడిపోయాడు. ఇప్పుడు అదే కావాలంటాడు, అది మాత్రం కాకూడదంటాడు.

పలక మీద అడిగాను: ఆ మనిషి ఏం చెప్పాలని వచ్చాడు?

"తెలీదు మామయ్యా. డైరెక్టరుకీ తెలీదు. ఆ నటుడికీ తెలీదట."

ముగ్గురు పెద్దమనుషులు కలిసి ఒక మనిషి చేత నోరు తెరిపించారు, లోపల ఏముందో ఒక్కడికీ తెలియదు. నాకు ఒళ్లు మండింది. సాయంత్రం దాకా కూర్చుని ఆ మనిషి ఏం చెప్పాలో రాసిచ్చాను. క్షమాపణతో మొదలై, బాల్యం మీదుగా, నిత్యజీవం దాకా వెళ్లింది. అల్లుడు మొత్తం చదివాడు. "చాలా బాగుంది మామయ్యా. కానీ ఇదంతా చెప్పేస్తే తలుపు తెరుచుకుంటుంది. సినిమా అయిపోతుంది," అన్నాడు.

పలక ఖాళీగానే ఉండిపోయింది.

10వ తేదీ, ఆదివారం

నేను లేని రెండో ఆదివారం. సంఘ పెద్దాయన ఫోన్ చేస్తే నా భార్య పైకి వినిపించేలా పెట్టింది. నా బదులు వాక్యం చెప్పింది సంఘంలోని ఇంకో బోధకుడు, మైకు తమ్ముడు. అసలు పేరు వేరే ఉంది గానీ మైకు ఊడి చేతికొచ్చేలా పట్టుకుంటాడని నేను పెట్టిన పేరు. అతను మాట్లాడుతుంటే వెనక కీబోర్డు మెల్లగా మోగిందట. జనం వెక్కి వెక్కి ఏడ్చారట.

"మీరేం తొందరపడకండి అన్నా, మేం చూసుకుంటాం," అన్నాడు పెద్దాయన. మనిషిని పూడ్చేటప్పుడు కూడా ఇంత మెత్తటి మన్ను వెయ్యరు.

వేదిక ఇక మీద ఎవరిదో 31వ తేదీ ఆదివారం తేలుస్తారట. డాక్టరమ్మ నా గొంతు చూసేది 25న.

నా భార్య ఫోన్ పెట్టేసి, "పోనిద్దురూ, నాకు మీ ప్రసంగం ఆదివారం ఒక్కరోజే అయితేగా, వారమంతా ఉండేది," అని నవ్వింది. ఇల్లు ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదని కూతురితో అంటోంది. ఆమెకు సంతోషంగానే ఉన్నట్టుంది.

12వ తేదీ, మంగళవారం

ఇవాళ వెనక గదిలో కాసేపు కూర్చున్నాను. అంతే.

13వ తేదీ, బుధవారం

కూర్చున్నాను అని రాశాను. నిలబడ్డాను.

నిన్న అల్లుడు బయటికి వెళ్లాడు. ఆడవాళ్లు మేడ మీద ఉన్నారు. ఆ గదిలో ఏం చేసినా బయటికి వినపడదు కదా అని లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాను. ఖాళీ గది. యంత్రం మీద ఎర్ర చుక్క ఒకటి వెలుగుతోంది, ఫ్రిజ్ మీద వెలిగే చుక్కలాంటిది. గ్రంథం చేతిలోకి తీసుకుని 31వ తేదీకి నేను సిద్ధం చేసుకున్న ప్రసంగం చెప్పాను.

మాట పలకలేదు. ప్రభువు సాక్షి. గుసగుస కూడా లేదు. పెదవులు, ఊపిరి, చెయ్యి, ఇవే ప్రసంగం చెప్పాయి. నాకు తెలియవలసింది ఒక్కటే. అది ఇంకా లోపల ఉందా, లేక కాయతో పాటు కోసి పారేశారా?

ఉంది. కానీ వింతగా ఉంది. మాట తీసేస్తే నా ప్రసంగంలో మిగిలింది ఊపిరి. ప్రతి వాక్యానికి ముందూ పెద్ద ఊపిరి ఒకటి ఉంది. ఇన్నేళ్లూ నేనది గమనించనే లేదు. పరుగెత్తేవాడికి తన అడుగుల చప్పుడు వినపడనట్టు. ఊపిరి తీసుకోవడం, నోరు తెరవడం, ఏమీ రాకపోవడం. మళ్లీ ఊపిరి. చివర్లో గ్రంథం మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాను.

అలసిపోయాను. అరిచిన రోజుల్లో కూడా ఇంత అలసిపోలేదు.

15వ తేదీ, శుక్రవారం

ఇంట్లో పండగలా ఉంది. డైరెక్టరు ఒప్పుకున్నాడు.

నిన్న అల్లుడు పంపింది విని తనే ఫోన్ చేశాడట. ఇదే, ఇన్నాళ్లూ నేను అడుగుతున్నది ఇదే అన్నాడట. పాత నాలుగు మెట్ల ముక్కే. చేసిన మార్పల్లా ఒకటే, కింద పరిచే గది నిశ్శబ్దాన్ని ఈ వారం కొత్తగా పట్టి వేశాడు. మరి ఈ మహత్తు ఎక్కడిదో అల్లుడికే అంతుపట్టలేదు. పైగా డైరెక్టరు అడిగాడట, ఆ మనిషి నోరు తెరవబోయే ముందు వినిపించేది ఏ వాయిద్యం అని.

"నేనే వాయిద్యమూ పెట్టలేదే," అని తల గోక్కుంటూ అందరినీ పిలిచి వినిపించాడు.

నాలుగు స్వరాలు దిగాయి. ఆగాయి. ఆ ఆగిన చోట ఏదో ఉబ్బింది. మోత కాదు, మోతకు ముందుది. ఎవరో చాలా పెద్ద బరువు ఎత్తడానికి వంగినట్టు. తర్వాత ఏమీ లేదు. శత్రువు కోటలో ఉన్నానని మర్చిపోయాను.

వేణువులోకి గాలి ఊది స్వరం పలికించకుండా ఆపినట్టుందని కూతురు అంది. నేను పలక మీద రాశాను: హార్మోనియం. మెట్లు నొక్కకుండా తిత్తి మాత్రం తెరిస్తే వచ్చే గాలి. మా సంఘంలోని పాతది అచ్చం ఇలాగే నిట్టూరుస్తుంది. నా చెవి మీద నాకు నమ్మకం ఉంది.

నా భార్యను కూడా అడిగాను. లేచి, పొయ్యి మీద ఏదో ఉందని వెళ్లిపోయింది. పొయ్యి మీద ఏమీ లేదు. నేను చూశాను.

16వ తేదీ, శనివారం

మధ్యాహ్నం నా భార్య కుట్టుపని పట్టుకుని వెనక గదికి వెళ్లింది. వెలుతురు బాగుంటుందట. ఆ గదికి కిటికీ లేదు.

18వ తేదీ, సోమవారం

నిన్నా, ఇవాళా కూడా వెళ్లింది. అల్లుడు ఆ ముక్క పెట్టి తన పని తాను చేసుకుంటాడు. ఆమె కింద చాప మీద కూర్చుని దిండు గలీబుకు అంచు కుడుతుంది. తలుపులోని చిన్న అద్దంలోంచి చూశాను. గూఢచారులను పంపడం గ్రంథంలోనూ ఉంది, అందులో తప్పులేదు.

ఏడుస్తోంది. సూది ఆగలేదు, చెయ్యి ఆగలేదు, కళ్లలోంచి మాత్రం కారుతోంది.

ఎందుకు? నాకు తెలిసినంతలో ఆమెకు ఏ లోటూ లేదు. వాళ్ల అక్క గుర్తొచ్చిందా? మోకాలి నొప్పా? ఆ సంగీతంలోనే ఏదైనా మందు కలిసి ఉందా? నా ప్రసంగాలకు ఊరంతా ఏడ్చింది, ఈవిడ ముందు వరుసలో కూర్చుని ఒక్కసారి కూడా ఏడవలేదు. అలాంటిది మాటే లేని చోట ఇన్ని కన్నీళ్లా?

పలక మీద రాసి చూపించాను: ఎందుకు ఏడ్చావు?

"కంట్లో నలక పడింది," అంది.

మూడు రోజులూ ఒకే నలక.

19వ తేదీ, మంగళవారం

ఆ వాయిద్యం ఏమిటో తెలిసింది. తెలియకపోయినా బాగుండేది.

పొద్దున్నే అల్లుడు నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఆ చప్పుడు ఎక్కణ్ణించి వస్తోందో అంతుపట్టక ఒక్కో పొరా విడదీసి విన్నాడట. అట్టడుగు పొరలో దొరికిందట. ఖాళీ గది నిశ్శబ్దంలో. పోయిన మంగళవారం యంత్రం పెట్టి, తలుపు మూసి, ఇంట్లోంచి వెళ్లాడు. నిశ్శబ్దమే కదా, దాన్ని ఎవరు వింటారు? వినకుండానే కింద పరిచేశాడు.

"మామయ్యా, ఆ రోజు మీరు లోపలికి వెళ్లారా?"

ఎర్ర చుక్క గుర్తొచ్చింది.

గదిలోకి తీసుకెళ్లి మిగతా పొరలన్నీ ఆపేసి వినిపించాడు. నేను. నా ఊపిరి. పేజీ తిప్పిన చప్పుడు. చెయ్యి గ్రంథం మీద పడిన చప్పుడు. మళ్లీ ఊపిరి, మళ్లీ ఏమీ రాకపోవడం. నాలుగు రోజుల కిందట ఇదే చప్పుడు విని హార్మోనియం తిత్తి అని పలక మీద రాసిచ్చిన పెద్దమనిషిని నేను. సొంత ఊపిరిని గుర్తుపట్టని వాడికి పరులను దారిలో పెట్టే పని ఎందుకు?

అప్పుడు కోపం వచ్చింది. తలుపు వేసుకుని దేవుడి ముందు నిలబడితే, ఆ నిలబడటాన్ని సినిమావాడు కొనుక్కుపోయాడు. నా ప్రార్థన ఎవడో తమ్ముడి గుమ్మం ముందు వెర్రిమొహం వేసుకుని నిలబడిన నటుడి నోట్లో పెట్టారు.

బలపం విరిగేలా రాశాను: తీసెయ్.

అల్లుడు ఎదురు చెప్పలేదు. "మీరు వద్దంటే వద్దు మామయ్యా. మీ అనుమతి లేకుండా అది ఇంటి గడప దాటకుండా ఉండాల్సింది. నాదే తప్పు," అన్నాడు. నా ఎదురుగానే ఆ పొర తీసేశాడు.

వాడు కొంచెం వాదించి ఉంటే నాకు హాయిగా ఉండేది.

21వ తేదీ, గురువారం

తీసేసినదాన్ని విన్నాను. ఊరికే, ఎలా ఉందో చూద్దామని.

స్వరాలు అవే. కానీ ఆ మనిషి తలుపు ముందు ఊరికే నిలబడి ఉన్నాడు. ఏమీ చెప్పబోవడం లేదు. బస్సు కోసం నిలబడినట్టున్నాడు. డైరెక్టరు కూడా ఇది చచ్చిపోయిందన్నాడట. కొత్తది మొదలుపెడతానని అల్లుడు ఒప్పుకున్నాడు. కూతురు మాత్రం పళ్లెం కాస్త గట్టిగా పెట్టింది.

మధ్యాహ్నం వెనక గది తలుపు తెరిచే ఉంది. నేను పక్క వసారాలో గ్రంథం పట్టుకుని ఉన్నాను. నా భార్య కుట్టుపనితో లోపలికి పోవడం చూశాను. నేను అక్కడున్నట్టు ఆమెకు తెలియదు. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

"బాబూ, ఆయన ఉన్నది పెట్టు."

"తీసేశాను అత్తయ్యా. మామయ్య వద్దన్నారు." ఆ వెంటనే, "ఆయనేనని మీకు ఎప్పుడు తెలిసింది?" అని అడిగాడు.

"మొదటిసారి విన్నప్పుడే. నువ్వు వాయిద్యం అంటున్నావు, ఆయన హార్మోనియం అని రాస్తున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియక లేచి వెళ్లాను." దారం కొరికి తెంపిన చప్పుడు. "మాట్లాడే ముందు ఆయన ఊపిరి తీసుకుంటారు చూడు, అది నాకు పక్క గదిలోంచి కూడా తెలుస్తుంది. ఇప్పుడు ప్రార్థన మొదలెడతారా, అరుస్తారా, ఉప్పు తక్కువైందంటారా అని. మాట అక్కర్లేదు నాకు. ఊపిరితోనే తెలిసిపోతుంది. ఆసుపత్రి నుంచి వచ్చాక అది తీసుకోవడమే మానేశారు. చెప్పడానికి ఏమీ మిగలనివాడిలా ఊరికే ముక్కుతో గాలి పీలుస్తున్నారు. అది వినాలని వస్తున్నాను."

"మరి ఇల్లు ప్రశాంతంగా ఉందని ఆయన ముందు నవ్వుతారేమిటి?"

"నేను కూడా భయపడితే ఆయన ఎటు పోతారు బాబూ?"

గ్రంథం ఒళ్లో తెరిచే ఉంది. ఏ పేజీయో చూడలేదు.

22వ తేదీ, శుక్రవారం

పలక మీద రెండే అక్షరాలు రాసి అల్లుడికి చూపించాను: ఉంచు.

వాడు పలకను చేతిలోకి తీసుకుని రెండుసార్లు చదివాడు. తర్వాత, డైరెక్టరు వాయిద్యం పేరు మళ్లీ అడిగితే ఏమని చెప్పాలి మామయ్యా అన్నాడు. పలక లాక్కుని రాశాను: తాపీమేస్త్రీ.

24వ తేదీ, ఆదివారం

రేపే పరీక్ష.

గ్రంథంలో, గుహలో దాక్కున్న ప్రవక్త ముందు పెనుగాలి వీచింది, భూమి కంపించింది, అగ్ని రగిలింది. నేను ఎప్పుడూ ఆ అగ్ని దగ్గరే ఆగి ఉరుములు కురిపించేవాణ్ణి. జనానికి అదే ఇష్టం, నాకూ అదే ఇష్టం. అగ్ని తర్వాత వచ్చేది మెల్లని చిన్న స్వరం. దాని మీద నా దగ్గర ప్రసంగం లేదు. గట్టిగా చెబితే అబద్ధమవుతుంది, మెల్లగా చెప్పడం నాకు రాదు.

రేపు గొంతు వస్తే ఇంటికి వచ్చి మొదట చెప్పవలసిన వాక్యం ఎంచిపెట్టుకున్నాను. రాకపోతే ఏమిటన్నది రాయను.

భోజనాల దగ్గర నా భార్య ఇల్లు ఎంత హాయిగా ఉందో అని మళ్లీ నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె నా వైపు అనుమానంగా చూసింది.

25వ తేదీ, సోమవారం

కూతురు వెంట వచ్చింది. డాక్టరమ్మ గొంతులోకి దీపం పెట్టి చూసింది. "ఆ అనండి," అంది.

అన్నాను. మూడు వీధుల అవతలికి వినిపించిన గొంతు ఇది. ఇప్పుడు నూనె లేని తలుపు కీలు కొంచెం కదిలినట్టుంది. నాకు మొహం చెల్లలేదు. డాక్టరమ్మ మాత్రం తృప్తిగా తల ఊపింది. గాయం బాగా మానిందట. రోజుకు కొంచెం కొంచెం, మెల్లగా మాట్లాడవచ్చు. ఇంకొంత బాగుపడవచ్చు. కానీ అరుపు ఇక ఈ జన్మకు లేదు. అరిస్తే ఉన్నదీ పోతుంది.

సగం గొంతు. భయపడ్డట్టే జరిగింది.

బయటికి రాగానే కూతురు సంఘ పెద్దాయనకు ఫోన్ చేసింది. నాన్న ఆదివారం వస్తారని చెప్పింది. ఇంకేమన్నా చెప్పాలా అన్నట్టు నా వైపు చూస్తే పలక మీద రాసిచ్చాను, అదే చదివి వినిపించింది: మైకు దగ్గరగా పెట్టండి, కీబోర్డు దూరంగా పెట్టండి, జనాన్ని ముందుకు జరిగి కూర్చోమనండి. వాళ్లు నన్నే ఉంచుకుంటారో, మైకు తమ్ముణ్ణే ఉంచుకుంటారో ఆ రోజు తేలుతుంది. ఈసారి ప్రసంగం మాత్రం చిన్న స్వరం గురించి. అది చెప్పడానికి తగిన గొంతే ఇచ్చారు.

దారి పొడుగునా ఎంచిపెట్టుకున్న వాక్యాన్ని లోలోపల చెప్పుకుంటూ వచ్చాను.

ఇంట్లో నా భార్య వెనక గదిలో ఉంది. సంగీతం మోగడం లేదు. అల్లుడు లేడు. తలుపు వైపు వీపు పెట్టి చాప మీద కూర్చుని అంచు కుడుతోంది. మేము వచ్చిన అలికిడి ఆ గదిలోకి వినపడదు.

తలుపు మెల్లగా తోసి గుమ్మంలో నిలబడ్డాను. తమ్ముడి ఇంటి ముందు ఆ మనిషి ఏం చెప్పాలని వచ్చాడో ఎవరికీ తెలియదు. నాకు తెలుసు, వాక్యం నాలుక మీదే ఉంది. ఇంతలో అదీ జారిపోయింది. అయినా ఊపిరి తీసుకున్నాను.

ఆమె సూది ఆగింది. తల తిప్పలేదు.

"చెప్పండి," అంది.